తాతల ఊళ్ళో వాలంటీరుగా మొదటి రోజులు: వరంగల్ వచ్చేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

భివండి, సూరత్, షోలాపూర్‌లలో పుట్టి పెరిగిన మన పిల్లలు, అమెరికా నుంచి సెలవులకు వచ్చే మనవళ్ళు, మనవరాళ్ళు ఈ మధ్య వరంగల్ వైపు కొన్నాళ్ళు ఉండి పని చేద్దామని వస్తున్నారు. కొందరు బడిలో, కొందరు లైబ్రరీలో, కొందరు మగ్గాల దగ్గర. వచ్చేముందూ, వచ్చిన కొత్తలోనూ వాళ్ళు నన్ను అడిగే ప్రశ్నలు ఇక్కడ పెట్టాను. నేనూ భివండిలోనే పుట్టాను. మా తాత కొత్తవాడలో మగ్గం మానేసి పవర్‌లూమ్ పనికి వలస పోయిన తరం మనిషి. నేను వాలంటీరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాను.

తెలుగు మాట్లాడతాను కానీ చదవడం, రాయడం రాదు. నేను పనికొస్తానా?

తప్పకుండా పనికొస్తారు. మరాఠీ, గుజరాతీ మీడియంలో చదివిన మన పిల్లల్లో చాలామందిది ఇదే పరిస్థితి. ఇంట్లో నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగుతోనే ఇక్కడ హాయిగా పని నడుస్తుంది. పైగా అది ఇక్కడి తెలుగే కాబట్టి జనం మిమ్మల్ని పరాయివాళ్ళలా చూడరు. అక్షరాలు మాత్రం వచ్చాక వెంటనే మొదలుపెట్టండి. రెండో తరగతి పిల్లల పక్కన కూర్చుని వాళ్ళతో పాటే గుణింతాలు దిద్దండి. పెద్దవాళ్ళు తమ దగ్గర నేర్చుకుంటున్నారంటే పిల్లలకు ఎంత హుషారో! తర్వాత బస్సు బోర్డులు చదవండి. నర్సంపేట, పరకాల, హుజూరాబాద్, తొర్రూరు, ములుగు అని కూడబలుక్కుంటూ చదివితే ఒత్తులు, దీర్ఘాలు వాటంతటవే పట్టుబడతాయి.

రైలు ఎక్కడ దిగాలి, వరంగల్‌లోనా కాజీపేటలోనా?

మీరు ఉండబోయే చోటును బట్టి. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడూ కలిసిపోయిన ఊళ్ళు. కోట, కొత్తవాడ, మండీబజార్ వైపు ఉండేవాళ్ళు వరంగల్‌లో, హనుమకొండ వైపు ఉండేవాళ్ళు కాజీపేటలో దిగితే ఆటో ఖర్చు తగ్గుతుంది. మీ రైలు ఏ స్టేషన్లో ఆగుతుందో టికెట్ తీసేటప్పుడే చూసుకోండి. సూరత్ నుంచి నవజీవన్ ఎక్స్‌ప్రెస్ నేరుగా వరంగల్ వస్తుంది. కళ్యాణ్, షోలాపూర్ వైపు వాళ్ళకు కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఉంది. విమానంలో హైదరాబాద్ వచ్చేవాళ్ళకు అక్కడి నుంచి బస్సులో అయినా రైల్లో అయినా సుమారు మూడు గంటలు, ట్రాఫిక్ ఉంటే ఇంకాస్త.

గది ఎక్కడ తీసుకోవాలి?

మొదటి నెల పని చేసే చోటికి నడిచి వెళ్ళగలిగే దూరంలో తీసుకోండి. హనుమకొండలో నయీంనగర్, సుబేదారి, బాలసముద్రం వైపు చదువుకునే పిల్లల హాస్టళ్ళు, గదులు చాలా ఉంటాయి. వరంగల్ పాత వాడల్లో ఇంటి ఓనర్లు కింద ఉండి పైగది అద్దెకిస్తారు. నన్నడిగితే అదే మేలు. కింద ఒక పెద్దమ్మ ఉంటే మీకు జ్వరమొచ్చిన సంగతి మీకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది. రాత్రి ఎన్నింటికి వస్తారు, మాంసం వండుకోవచ్చా, ఫ్రెండ్స్ రావచ్చా అన్నవి అడ్వాన్స్ ఇచ్చే ముందే అడిగేయండి.

అందరూ "ఎవలి బిడ్డవు?" అని అడుగుతున్నారు. ఏమని చెప్పాలి?

ఇంటిపేరు, తాత పేరు, ఏ ఊరు, ఏ వాడ అన్న నాలుగూ చెప్పండి. మీ డిగ్రీ, మీ సంస్థ పేరు తర్వాత చెప్పొచ్చు. ఈ నాలుగూ వినగానే ముసలివాళ్ళు కాసేపు ఆలోచించి, "ఓ, గా చింతచెట్టు కాడి ఇల్లా! మీ నాయినమ్మ మాకు వరుసకు అక్క అయితది" అంటారు. అప్పటి నుంచి మీరు ఆ వాడకు మనవడో, మనవరాలో అవుతారు. ఎవరింటికి వెళ్ళినా చాయ్ వస్తుంది. వరుసలు వాళ్ళే చెబుతారు, చెప్పినట్టే పిలవండి. కాకా, చిన్నమ్మ, పెద్దబాపు, వదినె అని పిలిస్తే ఎవరూ కాదనరు. పేరు పెట్టి పిలవడం మాత్రం వద్దు.

కులం కూడా నేరుగా అడుగుతారు. బయట పెరిగిన పిల్లలకు ఇది ఇబ్బందిగా ఉంటుంది, ఆ ఇబ్బంది న్యాయమైనదే. ముసలివాళ్ళు చాలాసార్లు మీ ఇల్లు ఏ వాడలో ఉండేదో పోల్చుకోవడానికే అడుగుతారు. చెప్పాలనిపిస్తే చెప్పండి, లేదంటే ఊరి పేరు, తాత పేరు చెప్పి ఊరుకోండి. బడిలో పిల్లల్ని మాత్రం మీరు ఎప్పుడూ అడగకండి. ఎవరింట్లో నీళ్ళిచ్చినా తాగండి, ఎవరు పిలిచినా వెళ్ళండి. తాతల కాలంలో మన వాళ్ళు గడప దాటని ఇళ్ళు కొన్ని ఉండేవి. వాటిలో కూర్చుని బువ్వ తినడం కూడా మీరు ఇక్కడ చేయాల్సిన పనే.

తాత కాగితాల్లో "వరంగల్ జిల్లా" అని ఉంది. ఊరు మాత్రం మ్యాప్‌లో వరంగల్ జిల్లాలో కనబడటం లేదు.

2016 అక్టోబరులో జిల్లాలను విడగొట్టారు. పాత వరంగల్ జిల్లా ఊళ్ళు ఇప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి లాంటి జిల్లాల్లో ఉన్నాయి. ములుగు ఆ తర్వాత 2019లో విడిగా జిల్లా అయింది. చేర్యాల లాంటివి సిద్దిపేటలో కలిశాయి. 2021లో వరంగల్ అర్బన్‌కు హనుమకొండ అనీ, రూరల్‌కు వరంగల్ అనీ పేర్లు మార్చారు. అందుకే జిల్లా పేరు పక్కన పెట్టి మండలం, పక్క ఊళ్ళ పేర్లు పట్టుకుని వెతకండి. ఒకే పేరున్న ఊళ్ళు చాలా ఉంటాయి కాబట్టి చెరువు పేరో, జాతర పేరో నాయనమ్మను అడిగి రాసుకుని రండి.

ఊళ్ళో మా వాళ్ళు ఎవరూ లేరు. పాత వివరాలు ఎలా దొరుకుతాయి?

మొదట ఊరి ప్రాథమిక పాఠశాలకు వెళ్ళండి. పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉంటే అందులో పిల్లవాడి పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు ఉంటాయి. మా నాయన పేరు అట్లాంటి రిజిస్టర్లోనే చూశాను. నీలం సిరాతో, పక్కన బడి మానేసిన తేదీతో సహా ఉంది. పంచాయతీ కార్యదర్శి దగ్గర ఓటరు జాబితాలుంటాయి. నిజాం కాలం నాటి రెవెన్యూ కాగితాలు ఉర్దూలో ఉంటాయి, వాటిని చదివిపెట్టే పెద్దలు ఇప్పటికీ ఊళ్ళల్లో ఉన్నారు.

ఒక్క జాగ్రత్త చెబుతాను, ఇది బాగా గుర్తుపెట్టుకోండి. వచ్చిన కొత్తలోనే తహసీల్ ఆఫీసుకు వెళ్ళి పహాణీలు (భూమి రికార్డులు) అడగకండి. "భూమిల వాటా అడగనీకి వచ్చిండు" అన్న మాట సాయంత్రానికల్లా ఊరంతా పాకుతుంది. ఆ తర్వాత మీరు ఎంత మంచి పని చేసినా దాయాదులకు టెన్షన్ తగ్గదు. వాళ్ళు ఏళ్ళ తరబడి ఆ మట్టిని నమ్ముకుని బతికినవాళ్ళు, వాళ్ళ భయం వాళ్ళది. ముందు నాలుగిళ్ళు తిరగండి, ఎందుకొచ్చారో చెప్పండి, నలుగురూ మిమ్మల్ని నమ్మనివ్వండి. కాగితాల పని తర్వాత చూసుకోవచ్చు.

కాగితాలు లేకపోయినా వంశాలు నోటితో చెప్పేవాళ్ళున్నారు. పద్మశాలీలకు కూనపులి వాళ్ళు, ముదిరాజులకు కాకిపడగల వాళ్ళు, మాదిగలకు డక్కలి వాళ్ళు, గొల్లలకు మందెచ్చుల వాళ్ళు. ఊరూరూ తిరిగి కుల పురాణం చెప్పి, ఏ ఇంటివాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో గుర్తుచేస్తారు. కూనపులి వాళ్ళు మార్కండేయ పురాణం చెప్పేటప్పుడు చేర్యాలలో రాసిన పొడవాటి బట్ట పటాన్ని ఒక్కో గడి చొప్పున విప్పుతూ పోతారు. చెప్పేవాళ్ళు తగ్గిపోతున్నారు. మీ ఊరికి వచ్చారని తెలిస్తే ఎంత పనున్నా మానుకుని వెళ్ళి కూర్చోండి. ఫోన్లో రికార్డు చేసుకోవాలంటే అడిగి చేసుకోండి, వాళ్ళకు ఇవ్వాల్సిన త్యాగం, అంటే కథ చెప్పినందుకు ఇచ్చే కానుక, ఇవ్వండి.

బడిలో నేను ఏం చేయగలను? టీచర్ ట్రైనింగ్ లేదు.

టీచర్ పని టీచర్‌కే వదిలేయండి. ముందు ప్రధానోపాధ్యాయులను కలిసి, వాళ్ళు ఏది అడిగితే అది చేయండి. ప్రభుత్వ బళ్ళలో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపడాలని 2022లో "తొలిమెట్టు" మొదలుపెట్టారు. అలాంటి పనిలో వెనకబడిన ఇద్దరు ముగ్గురు పిల్లల పక్కన రోజూ అరగంట కూర్చుని చదివించే మనిషి దొరికితే టీచర్లకు ఎంతో ఊరట. ఇంగ్లిష్ భయం లేకుండా మాట్లాడించడం, లైబ్రరీ పుస్తకాలకు అట్టలు వేసి పిల్లల చేతికి అందేలా పెట్టడం మీరు చేయగలరు. హిందీ బాగా వచ్చినవాళ్ళు ఇటుక బట్టీల దగ్గరి ఒడిశా పిల్లలతో కాస్తో కూస్తో మాట్లాడగలరు, ఆ పిల్లలకు అది పెద్ద ఆసరా.

కొత్త ప్రాజెక్టు, బ్యానరు, ఫొటోలు అన్న ఆలోచన మొదటి నెల అసలే వద్దు. ఈ బళ్ళను, ఈ వాడలను నిలబెట్టుకొస్తున్నవాళ్ళు ఇక్కడే ఉన్నారు. మనం వాళ్ళకు సాయానికి వచ్చాం.

కొత్తవాడలో మగ్గాలు ఇంకా ఉన్నాయా? వెళ్ళి చూడొచ్చా?

ఉన్నాయి. వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. మన ఇళ్ళలో జంపఖానా అంటామే, అదే. 1934లో పెట్టిన ఆజంజాహీ మిల్లు ఒకప్పుడు ఈ ఊరికి అన్నం పెట్టింది. అది మూతపడింది, చేతిమగ్గాలకు గిరాకీ తగ్గింది, మన వాళ్ళు భివండి, సూరత్ రైళ్ళెక్కారు. వలస పోయినవాళ్ళు తిరిగి రావాలన్న ఆశతోనే 2017లో గీసుగొండ, సంగెం వైపు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు పునాది వేశారు.

వెళ్ళేటప్పుడు తెలిసినవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళండి, పని వేళల్లో ఎక్కువసేపు ఆపకండి. మగ్గం ముందు కూర్చుని నేతగాని చేతుల్నే చూడండి. రంగు మారే చోట పక్క దారానికి ఈ దారాన్ని మెలికవేసి వెనక్కి తిప్పుతారు, పంజాతో, అంటే దువ్వెన లాంటి పనిముట్టుతో, దబదబా కొట్టి దగ్గరికి దిగ్గొడతారు. అంచు దగ్గర వేలితో తడిమి వదులుగా ఉంటే అక్కడికక్కడే విప్పేసి మళ్ళీ వేస్తారు. దాని మీద రోజంతా గడిపిన మనిషిని "ఎంతకిస్తారు, తగ్గించండి" అని బేరమాడకండి. కొనగలిగితే అడిగిన ధరకు కొనండి. అమ్మకాల్లో, ఫొటోలు తీయడంలో, ఆన్‌లైన్ ఆర్డర్లు రాసుకోవడంలో సాయం చేయగల వాలంటీర్లు వాళ్ళకు నిజంగా కావాలి.

సెలవు రోజు ఒక్కటే ఉంది. ముందు ఏం చూడాలి?

కోట. ఉదయం ఎండ ముదరకముందే ఖిలా వరంగల్ వెళ్ళండి, స్టేషన్ నుంచి ఆటోలో దగ్గరే. గణపతిదేవుడు, రుద్రమదేవి కట్టించిన రాతి గోడలు, వాటి చుట్టూ మట్టి గోడ, మధ్యలో ఇప్పటికీ మనుషులుండే ఊరు, పొలాలు. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు నిలబడి ఉంటాయి. మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం 1323లో ఢిల్లీ సైన్యం కోట గెలిచాక పోయింది. విరిగిన దూలాలు, స్తంభాల ముక్కలు, శిల్పాలు ఆ ఆవరణలోనే వరుసగా పేర్చి ఉన్నాయి. చాలామంది తోరణం ముందు ఫొటో దిగి వెళ్ళిపోతారు. మీరు దాని కిందికి వెళ్ళి పైకి చూడండి. వేలాడే తామరమొగ్గలు, పైన హంసలు, ఒక రాయి ఇంకో రాయిలో కూర్చున్న తీరు కనబడతాయి. తెలంగాణ రాజముద్రలో చార్మినార్‌తో పాటు ఉన్న తోరణం ఇదే. తర్వాత ఏకశిల గుట్ట ఎక్కండి, కోట ఎంత మేర ఉందో అప్పుడు తెలుస్తుంది. దగ్గర్లోనే ఖుష్ మహల్ అనే పాత దర్బారు భవనం.

సాయంత్రం హనుమకొండలో వేయిస్తంభాల గుడి. 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్ళు. విప్పదీసి పునర్నిర్మించిన కల్యాణ మండపాన్ని 2024లో మళ్ళీ తెరిచారు. భద్రకాళి గుడి, చెరువు కట్ట మరో సాయంత్రానికి పెట్టుకోండి. ఆషాఢంలో అమ్మవారికి కూరగాయలతో చేసే శాకంబరి అలంకారం చూడగలిగితే చూడండి. పద్మాక్షి గుట్ట మీది జైన శిల్పాలను ఎందుకో చాలామంది వదిలేస్తారు, మీరు వదలొద్దు.

రామప్పకు ఒక్కరోజులో వెళ్ళిరావచ్చా?

వెళ్ళిరావచ్చు. హనుమకొండ నుంచి 65, 70 కిలోమీటర్లు ఉంటుంది. ములుగు దాకా బస్సులు బాగానే ఉంటాయి, ఆ తర్వాత రామప్ప గుడి ఉన్న పాలంపేటకు ఆటో చూసుకోవాలి. తిరుగు బస్సు సంగతి వెళ్ళగానే కనుక్కోండి.

గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి ఇది. 2021 జులైలో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. పునాదిలో ఇసుక నింపి కట్టారు, శిఖరం ఇటుకలు నీళ్ళలో తేలేంత తేలికైనవి. ఇవన్నీ గైడ్లు చెబుతారు. గుడి చుట్టూ మాత్రం ఒంటరిగా, నిదానంగా ఒకసారి తిరగండి. ఎర్రటి రాతి గోడల పైన చూరు కింద నల్లరాతి మదనికలు (నాట్య భంగిమల్లోని స్త్రీ శిల్పాలు) ఏటవాలుగా నిలబడి ఉంటాయి. ఒకామె ఒంటి మీద పాము, ఇంకొకామె కాళ్ళకు ఎత్తు మడమల చెప్పులు. నల్లరాయి ఎంత నున్నగా ఉంటుందంటే మధ్యాహ్నం వెలుగు దాని మీద జారిపోతుంది. నటరాజ రామకృష్ణ గారు పేరిణి నృత్యాన్ని తిరిగి నిలబెట్టింది ఇలాంటి శిల్పాల్లోని భంగిమలను చూసే. లోపల శిల్పాన్ని తడితే సరిగమలు పలుకుతుందని ఎవరైనా అంటే నమ్మండి, కానీ మీరు తట్టకండి. రోజూ వందలమంది తడితే ఆ రాయి ఎన్నాళ్ళుంటుంది?

టైం ఉంటే రామప్ప చెరువు కట్ట మీద కాసేపు కూర్చోండి. లక్నవరం, పాకాల కూడా కాకతీయుల కాలం చెరువులే, ఇప్పటికీ పొలాలకు నీళ్ళిస్తున్నాయి. వేలాడే వంతెన కోసం లక్నవరం వెళ్ళేవాళ్ళే ఎక్కువ. నాకైతే పాకాలే ఇష్టం.

మేడారం జాతరకు వెళ్ళాలా?

రెండేళ్ళకోసారి మాఘమాసంలో వస్తుంది, మీరున్నప్పుడు పడితే తప్పక వెళ్ళండి. కాకతీయుల పన్నుకు ఎదురు నిలిచి ప్రాణాలిచ్చిన సమ్మక్క, సారలమ్మల జాతర. విగ్రహాలుండవు, గద్దెలుంటాయి, కోయ పూజారులు తల్లులను తీసుకొస్తారు. బెల్లమే బంగారం. మొక్కు ఉన్నవాళ్ళు తమ ఎత్తు తూచి ఇస్తారు. విపరీతమైన జనం ఉంటుంది కాబట్టి ఇంటి ఓనర్ల కుటుంబంతోనో, వాడవాళ్ళతోనో కలిసి వెళ్ళండి. ఫోన్ సిగ్నల్ దొరకకపోవచ్చు, తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. కోట, రామప్ప చూసి కాకతీయులను మెచ్చుకున్న మనం మేడారంలో వాళ్ళకు ఎదురు తిరిగినవాళ్ళకు మొక్కుతాం. రెండూ మన చరిత్రే. పిల్లలకు చెప్పేటప్పుడు రెండూ చెప్పండి.

తిండి ఎట్లా? కారం తట్టుకోగలనా?

కారం ఎక్కువే. మొదటి వారం పచ్చిపులుసు, పెరుగు, పప్పుతో సర్దుకోండి. సర్వపిండి మాత్రం వచ్చిన రోజే తినొచ్చు. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, పల్లీలు, కరివేపాకు, కారం కలిపి, గిన్నె లోపలి గోడలకు చేత్తో ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె వేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద ఎర్రగా కాలుస్తారు. నిజామాబాద్, కరీంనగర్ వైపు వెళ్తే ఇదే గిన్నప్ప. సంక్రాంతికి ముందు సకినాలు చుట్టే ఇంటికి పిలిస్తే వెళ్ళి కూర్చోండి. మీ చుట్లు వంకర పోతాయి, ఎవరూ ఏమనరు. కల్లు ఇస్తే తాగాలా వద్దా అన్నది మీ ఇష్టం. వద్దనుకుంటే దండం పెట్టి వద్దనండి.

ఎండాకాలం రావచ్చా?

ఏప్రిల్, మే నెలల్లో రాకపోతేనే మంచిది. ఎండ 45 డిగ్రీల దాకా వెళ్తుంది, బళ్ళకు కూడా సెలవులే. జూన్ మధ్యలో బళ్ళు తెరుస్తారు, అప్పుడు రండి. వానలు పడ్డాక దోమలు ఎక్కువ, డెంగ్యూ భయం ఉంటుంది కాబట్టి దోమతెర తెచ్చుకోండి. జ్వరం రెండు రోజులు దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఆడపిల్లలకు బస్సు ఫ్రీ అంటున్నారు. నాకూనా?

మహాలక్ష్మి పథకం 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉంది. మీ ఆధార్‌లో మహారాష్ట్ర, గుజరాత్ అడ్రసు ఉంటే టికెట్ తీసుకోవాలి.

నాకు విదేశీ పాస్‌పోర్టు ఉంది.

డబ్బు తీసుకోని వాలంటీర్ పని ఈ-టూరిస్ట్ వీసా మీద ఒక నెల దాకా చేయొచ్చు. అంతకు మించితే వచ్చేముందే కాన్సులేట్‌లో అడగండి. మీకు ఇల్లిచ్చినవాళ్ళు 24 గంటల్లో మీ వివరాలు ఆన్‌లైన్‌లో నమోదు చేయాలి, వాళ్ళకు తెలియకపోతే మీరే కూర్చుని చేయించండి.

వచ్చాక బెంగగా ఉంది. ఇది మా ఊరే అనుకున్నాను, కానీ ఇక్కడ కూడా కొత్తగానే ఉంది.

భివండిలో మనల్ని "తెలుగువాళ్ళు" అన్నారు, ఇక్కడేమో "బొంబాయోళ్ళు" అంటారు. బాధగా ఉంటుంది, నిజమే. గదిలో కూర్చోకుండా సాయంత్రాలు వాడలోకి రండి. అరుగు మీద కూర్చున్న ముసలమ్మల దగ్గర కూర్చోండి. వాళ్ళ కొడుకులో, తమ్ముళ్ళో సూరత్‌లో, భివండిలో ఉంటారు. మీ గల్లీ ఏది, వాళ్ళ గల్లీ ఏది అని అడుగుతారు. ఆ వీధులు మీకు తెలుసు, వాళ్ళకు తెలియదు. వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా తెలుసుకోవాలనుకుంటున్నది మీరు చెప్పగలరు: పవర్‌లూమ్ షెడ్డు ఎట్లుంటుంది, అక్కడ బతుకమ్మ ఎక్కడ ఆడతారు, పిల్లలు ఏ బడికి పోతారు. చెప్పండి, ఓపిగ్గా చెప్పండి.

అమ్మానాన్నలను ఎప్పుడు రమ్మనమంటారు?

బతుకమ్మకు. పెత్రామాస (పితృ అమావాస్య) నాడు ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై తొమ్మిదో రోజు సద్దుల బతుకమ్మ. వేయిస్తంభాల గుడి దగ్గర, పద్మాక్షి గుట్ట కింద ఆడవాళ్ళ పాటలు రాత్రి దాకా సాగుతాయి. తంగేడు, గునుగు తెంపుకు రావడానికి పొద్దున్నే పొలాల వెంట వెళ్ళాలి, మీ అమ్మకు ఆ దారులు గుర్తుండొచ్చు. దసరా నాడు జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి కాళ్ళు మొక్కేటప్పుడు ఊళ్ళో మీ వాళ్ళందరూ ఒక్కచోట దొరుకుతారు. ఆ రోజుల్లో సూరత్, ముంబయి నుంచి వచ్చే రైళ్ళన్నీ మన వాళ్ళతోనే నిండిపోతాయి. రిజర్వేషన్ తెరిచిన రోజే టికెట్లు తీసేయండి.